పంటికి కళాయి

కర్ఖేలిలో పొద్దున మొదటి రైలు కూత వేసే వేళకి మా అవ్వ వాకిట్లో ఉండేది, చేతిలో రెండు వేప పుల్లలతో. లావుది తనకు, సన్నది నాకు. నేను నిద్ర కళ్లతో ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "పాచి నోట్ల మాట్లాడొద్దు బిడ్డా. ముందుగాల పండ్లు తోముకో, ఆ తర్వాతనే ముచ్చట."

నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకా. రైలు పట్టాల పక్కన ఊరు. 1956 దాకా అదంతా హైదరాబాదు రాష్ట్రమే. రైలెక్కి ధర్మాబాద్ దాటితే బాసర వస్తుంది, ఆ తర్వాత గోదావరి వంతెన. అందుకే ఆ పక్క తెలుగిళ్లల్లో తెలుగు, మరాఠీ ఒకే పళ్లెంలో కలిసి ఉంటాయి. మా అవ్వకు ప్రేమ తెలుగులో వచ్చేది, బేరం మరాఠీలో వచ్చేది. కోపమొస్తే ఉర్దూ కూడా తోడయ్యేది.

వేప పుల్ల కొసను దవడ పళ్ల మధ్య పెట్టి కుంచెలా అయ్యేదాకా నమలాలి. మొదట చేదు. చేదుకి నోట్లో నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లతోనే తోముకోవాలి. చివర పుల్లను నిలువుగా చీల్చి నాలుక గీసుకుని, చెంబెడు నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. అప్పుడు నాలుకను పళ్ల మీద నడిపిస్తే కిర్రుమన్నట్టు ఉండేది, కడిగిన పలక మీద వేలు రాసినట్టు. ఆ కిర్రు ఎక్కువసేపు ఉండదు. జొన్నరొట్టె పొయ్యి మీద పొంగేలోపే పళ్లు మళ్లీ నున్నగా అయిపోయేవి. ఎందుకలా అవుతాయని అవ్వనెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఆమె కళాయివాడి మాట ఎత్తేదేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఎందుకంటే మా ఊళ్లో నేను కళ్లు తిప్పకుండా చూసిన అద్భుతం కళాయి వెయ్యడమే. మరాఠీలో కల్హయి అంటారు. కళాయివాడు చెట్టు కింద చిన్న గుంట తవ్వి, తోలు తిత్తితో బొగ్గులు రాజేసేవాడు. ఇత్తడి గిన్నెను పట్టకారుతో మంట మీద తిప్పుతూ కాల్చేవాడు. కాలిన గిన్నెలో చిటికెడు నవాసాగరం చల్లగానే తెల్లటి పొగ బుస్సుమని లేచి ముక్కు పగలగొట్టేది. వెంటనే తగరం కడ్డీని ఒకచోట అద్ది, దూది ముద్దతో గిర్రున తుడిచేవాడు. పసుపచ్చగా ఉన్న గిన్నె కడుపు ఒక్క తుడుపుకి వెండిలా మెరిసేది. మళ్లీ మామూలు ఊపిరి పీల్చుకోవడానికి నాకు కాసేపు పట్టేది.

ఆ పూత అందం కోసం వేసేది కాదు. పూత లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము పడుతుంది, పులుసు చెడుతుంది, కడుపు తిప్పుతుంది. పులుపుకీ లోహానికీ నడుమ కాగితమంత కూడా లేని తగరం పొర అడ్డం నిలబడితే చాలు. అరిగినప్పుడు మళ్లీ వేయించాలి. కళాయివాడు మాత్రం ఏడాదికి ఒకటో రెండో సార్లు వచ్చేవాడు.

మన పంటి మీద కూడా ఇలాంటి కళాయి ఉంది. దానికి మంట అక్కర్లేదు, తిత్తి అక్కర్లేదు, డబ్బులూ అక్కర్లేదు. అరిగిన క్షణంలోనే మళ్లీ పడుతుంది. ఆ పని చేసేది ఉమ్మి. మనం అసహ్యించుకునే ఆ ఉమ్మే.

పంటి పైపొరను పింగాణి అంటాం. శరీరం మొత్తంలో అంత గట్టిది మరొకటి లేదు. బరువులో 96 శాతం ఖనిజమే, కాల్షియమూ ఫాస్ఫేటూ కలిసి కట్టిన స్ఫటికాలు. అంత గట్టిదానికి ఒక పెద్ద లోటుంది: అందులో ప్రాణమున్న కణం ఒక్కటీ లేదు. చర్మం కోసుకుంటే మానుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. పింగాణిని కట్టిన కణాలు మాత్రం పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే పని ముగించుకుని పోతాయి. ఇల్లు కట్టి, తాళాలు చేతికిచ్చి, మళ్లీ అటు కన్నెత్తి చూడని మేస్త్రీల్లాగ. పాలపన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లం, మరో పన్ను వస్తుందని. ఆ రెండో పన్ను పోతే కప్పు మీద ఎన్ని పేడముద్దలున్నా ఫలితం లేదు. తనను తాను బాగుచేసుకోలేని ఈ ముత్యానికి అరవై డెబ్భై ఏళ్లు రోజూ పులుపు, వేడి, కారం, రాపిడి తగులుతూనే ఉంటాయి. అయినా అది నిలుస్తోందంటే దాన్ని ఎవరో కనిపెట్టుకుని ఉన్నారన్నమాట.

డాక్టరు దగ్గర గరుకు ముద్దతో పళ్లు పాలిష్ చేయించుకున్నప్పుడు పంటి మీది పాత పూత దాదాపు లేచిపోతుంది. పింగాణి బోసిగా నిలబడుతుంది. కానీ అలా ఎంతసేపుంటుంది? కొన్ని సెకన్లు. ఉమ్మి తగలగానే అందులోని ప్రోటీన్లు పంటి ఖనిజాన్ని అంటుకోవడం మొదలుపెడతాయి. రెండు మూడు నిమిషాలయ్యేసరికి పంటి మీద పది, ఇరవై నానోమీటర్ల పొర సిద్ధం. పది లక్షల నానోమీటర్లు కలిస్తే ఒక్క మిల్లీమీటరు, అది గుర్తుపెట్టుకుంటే ఆ పల్చదనం అర్థమవుతుంది. గంటా గంటన్నరలో పొర మీద పొర చేరి అది ముదురుతుంది. ఎంత ముదిరినా, తల వెంట్రుకను వంద పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరంతో, దానికంటే కాస్త మందంగానో ఉంటుంది. అద్దం ముందు నోరు తెరిచి ఎంత వెతికినా కనబడదు. మనం పంటి నిగారింపు అంటామే, ఆ తడి మెరుపులో దీనికీ వాటా ఉంది.

దీని గురించి తెలుసుకోవడం ఈమధ్య మొదలైంది కాదు. 1839లో లండన్ దంతవైద్యుడు అలెగ్జాండర్ నాస్మిత్ పంటి మీద ఒక పల్చటి పొరను గమనించి రాశాడు. అది పన్ను మొలిచేటప్పుడు వెంట తెచ్చుకునే పుట్టుపొర, తొందరగానే అరిగిపోతుంది. ఉమ్మి వేసే పూత వేరు. పన్ను తరవాత సంపాదించుకున్న ఆస్తి అది. ఇంగ్లండులో డాస్, జెంకిన్స్, టాంగ్ అనే ముగ్గురు 1963లో దానికి పెట్టిన పేరుకు కూడా అర్థం అదే: ఆర్జించిన పొర. ఈ పొరలో ఏమేమి ఉన్నాయో బోస్టన్‌లో కొందరు తూచి చూసి 2007లో 130 రకాల ప్రోటీన్ల లెక్క తేల్చారు. వెంట్రుకలో వందో వంతు మందం, అందులో 130 మంది పనివాళ్లు. మా ధర్మాబాద్ మిర్చి యార్డు కూడా సీజన్లో అంత కిక్కిరిసి ఉండదు.

వాళ్లలో ఒక్కరి గురించి చెప్పకుండా ఉండలేను. పేరు స్టాథెరిన్. నిలకడపరచడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది ఆ పేరు. 43 పూసల చిన్న దండ అది. దాని పని అర్థం కావాలంటే వంటింట్లోకి రావాలి. పంచదార పాకం పట్టేటప్పుడు నీళ్లు కరిగించుకోగలిగినంత కంటే ఎక్కువ పంచదార ఉంటుంది. ఏ చిన్న పలుకో దొరికిందా, దాన్ని పట్టుకుని పాకమంతా గడ్డకడుతుంది. అందుకే తెలిసినవాళ్లు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. మన ఉమ్మి కూడా పాకమే. మామూలు నీళ్లలో నిలిచే దానికంటే ఎక్కువ కాల్షియం, ఫాస్ఫేటు అందులో ఉంటాయి. ఉండాలి కూడా. ఉంటేనే పింగాణి కరగకుండా ఉంటుంది, కరిగిన చోటికి ఖనిజం తిరిగొస్తుంది. కానీ ఆ పాకం ఉన్నచోటే గడ్డకడితే పన్ను మీద రాళ్లు మొలుస్తాయి, గ్రంథుల గొట్టాలు పూడుకుపోతాయి. ఆ గడ్డకట్టడాన్ని ఆపే నిమ్మచుక్క స్టాథెరిన్. రసాయనం వేరే అనుకోండి, చేసే పని అదే. పంటి మీది పొరలో అది ఒక కొసను ఖనిజానికి కరిపించి, మిగతాది బయటికి వదిలి ఉంటుంది, గోడకు కొట్టిన మేకుకి వేలాడే తాడులా. పంటికీ పంటికీ, పంటికీ నాలుకకీ నడుమ నూనెలా జారుడునిచ్చే పనిలో దానికీ చెయ్యుంది.

ఈ జారుడు విలువ ఉన్నప్పుడు తెలియదు. పోయినప్పుడే తెలుస్తుంది. నేరేడు పండ్లు నాలుగు తినండి. లేదా అడివి నుంచి తెచ్చిన తునికి పండు పచ్చిది కొరకండి. వక్క నమిలినా సరే. నోరంతా పట్టేసినట్టు, చెంపలు లోపలికి లాగేసినట్టు, నాలుక గరుకు గుడ్డయినట్టు ఉంటుంది. వగరు అంటాం. ఆరు రుచుల్లో ఒకటని ఉగాది పచ్చడిలో చోటిచ్చాం. కానీ వగరు నాలుక చెప్పే రుచి కంటే ఎక్కువగా తాకిడి చెప్పే కబురు. ఆ కాయల్లోని టానిన్లు ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేసేస్తాయి. జారుడు తగ్గుతుంది, రాపిడి బయటపడుతుంది. అంటే ఉగాదినాడు మనం మామిడి ముక్కలో రుచి చూసేది కాసేపు నూనె వేయని నోటిని! ఆ టానిన్లే పంటి పూతలో చిక్కుకుని టీ మరకలు, తమలపాకు ఎరుపూ అవుతాయి. మరకలన్నీ పైపూత మరకలేనని మాత్రం అనుకోకూడదు. నల్లగొండ పల్లెల్లో పళ్ల మీద కనబడే గోధుమరంగు చారలు నీళ్లలోని ఫ్లోరైడు పన్ను తయారయ్యేటప్పుడే లోపల వేసినవి. వాటికి ఏ పళ్లపొడీ పనిచెయ్యదు.

పులుపు సంగతి ఇంకో తీరు. లేత చింతకాయ ఉప్పు అద్దుకుని కొరుకుతూ కూర్చుంటే కాసేపటికి పళ్లు పులుస్తాయి. అన్నం నమలబోతే జివ్వుమంటుంది. మరాఠీలో కూడా దాదాపు ఇదే మాట, దాత్ ఆంబలే అంటారు. పళ్లు పులవడం. ఇన్ని తరాల నుంచీ రెండు భాషలూ ఈ అనుభవాన్ని ఒకే మాటతో పట్టుకున్నాయి. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 5.5 దగ్గర ఒక గీత ఉంది. అంతకంటే కిందికి దిగితే పింగాణి ఖనిజం కరగడం మొదలు. చింతపులుపు ఆ గీతకు చాలా కిందే ఉంటుంది. పులుపు వచ్చి తగిలినప్పుడు దానికి ముందుగా ఎదురయ్యేది మన కళాయే. ఆ పొర జల్లెడలాంటిది. పులుపును పూర్తిగా ఆపలేదు, కానీ లోపలికి చొచ్చుకుపోయే వేగాన్ని తగ్గిస్తుంది, కరిగిన కాల్షియం బయటికి పారిపోయే వేగాన్నీ తగ్గిస్తుంది. తన పైపొరలు కొంత కరిగిపోయినా పింగాణిని కరుచుకున్న అడుగు పొర మాత్రం అంత తేలిగ్గా వదలదు. ఈ లోపల ఉమ్మి వరదలా వస్తుంది. చింతకాయ పేరెత్తితేనే నోరూరుతుందిగా! ఇది చదువుతుంటేనే మీకు ఊరి ఉంటుంది. అలా పొంగి వచ్చే ఉమ్మిలో వంటసోడా జాతి క్షారం ఎక్కువ. అది పులుపును విరుస్తుంది, కాల్షియం తెస్తుంది, కొత్త పూత వేస్తుంది. పులుపు తిన్న వెంటనే బ్రష్షు పట్టుకోవద్దు, నీళ్లు పుక్కిలించి కాసేపాగండి అని దంతవైద్యులు చెప్పేది ఇందుకే. కళాయివాడు పనిలో ఉన్నప్పుడు గిన్నె తోమకూడదు.

ఈ ఉమ్మి ఎక్కడి నుంచి వస్తుందో చిన్నప్పుడు నేను అద్దంలో వెతికాను. నాలుక పైకెత్తితే కింద ముందు పళ్ల వెనక రెండు చిన్న బుడిపెలుంటాయి. నిమ్మకాయ వాసన చూస్తూ చూస్తే వాటి కొసన చుక్క మెరుస్తుంది. పై దవడలో రెండో దవడపన్నుకెదురుగా చెంపకు లోపల మరో చిన్న మొటిమ, అక్కడ చెవి ముందున్న పెద్ద గ్రంథి గొట్టం తెరుచుకుంటుంది. ఈ గొట్టాన్ని 1660లో నీల్స్ స్టెన్సెన్ అనే డేనిష్ కుర్రాడు ఆంస్టర్‌డామ్‌లో గొర్రె తలకాయ కోస్తూ కనిపెట్టాడు. మన పక్క తలకాయ కోసేవాళ్లకు మసాలా మీద ఉండే ధ్యాస గొట్టాల మీద ఉండదు కాబట్టి ఆ కీర్తి అటు పోయింది. అన్ని గ్రంథులూ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరిస్తాయి. అందులో 99 శాతానికి పైగా నీళ్లే. మిగిలిన ఆ ఒక్క శాతంలోపే పాకమూ నూనే సైన్యమూ అన్నీ ఉన్నాయి. సైన్యమన్నది ఊరికే కాదు. పెన్సిలిన్‌కి ముందే 1922లో ఫ్లెమింగ్ లోకానికి చెప్పిన లైసోజైమ్ కన్నీళ్లలో ఉంటుంది, గుడ్డు తెల్లసొనలో ఉంటుంది, ఉమ్మిలోనూ ఉంటుంది. సూక్ష్మజీవుల గోడలు కూల్చడం దాని పని. అది కూడా పంటి పూతలో చేరి కూర్చుంటుంది.

ఇంత చేసే ఉమ్మికి మనం ఇచ్చిన పేరు ఎంగిలి. మరాఠీలో ఉష్టే. ఒకరి ఎంగిలి మరొకరు తినకూడదు, ఎంగిలి చెయ్యి కుండలో పెట్టకూడదు. బాసరలో అక్షరాభ్యాసం చేయించుకొచ్చిన పలకను నేను ఉమ్మితో తుడిచానని ఒకరోజు వీపు మీద పడ్డ దెబ్బ ఇంకా గుర్తే. "సదువులతల్లిని ఉమ్మితోని తుడుస్తవారా?" అని కొట్టిన అవ్వే, అయిదు నిమిషాలాగి కొంగు కొసను నాలుకతో తడిపి నా చెంప మీది కాటుక మరక తుడిచింది. నేనిప్పటికీ ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టుకుని నవ్వుకుంటాను. శ్రీకాళహస్తి కథలో తిన్నడు స్వర్ణముఖి నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి లింగాన్ని అభిషేకించాడు. పూజారి మూర్ఛపోయినంత పని చేశాడు. శివుడికి మాత్రం ఆ నీళ్లే నచ్చాయి. శబరి కొరికిచ్చిన పండు కూడా అంతే. ఎంగిలిని మన కథలు మన ఆచారాలకంటే ముందే క్షమించేశాయి.

సరే, పొగడ్త ఒక పక్కన పెట్టి నిజం కూడా చెప్పాలి. ఈ కళాయి ఎవరినీ గుమ్మంలో నిలబెట్టి పంపించే కాపలావాడు కాదు. అరుగు వేసిన ఇంటాయన. అరుగున్నాక దారినపోయేవాళ్లు కూర్చుంటారు. నోట్లో తిరిగే బాక్టీరియాకు బోసి పింగాణి మీద పట్టు దొరకడం కష్టం. కానీ పూత మీద ప్రోటీన్లున్నాయి, వాటిని పట్టుకునే చేతులు బాక్టీరియాకు ఉన్నాయి. ప్రొలీన్ ఎక్కువున్న ఒక రకం ప్రోటీనైతే ఉమ్మిలో తేలుతున్నప్పుడు ముడుచుకుని ఉంటుంది, పంటికి అంటుకోగానే వొళ్లు విరుచుకుని లోపలి మడతలు బయటపెడుతుంది. ఆ మడతలే బాక్టీరియాకు పిడులు. ఉమ్మిలో తేలే ప్రోటీన్‌ను పట్టుకుంటే మింగబడి కడుపులోకి పోతామని, గోడకు అంటుకున్నదాన్నే పట్టుకోవాలని ఎవరు నేర్పారో వాటికి!

ముందుగా వచ్చేవి స్ట్రెప్టోకాకస్ జాతివి. చాలామటుకు పెద్ద హాని చేసేవి కావు. అవి కూర్చున్నాక మరికొన్ని వాటి పక్కన చేరతాయి. గంటలు గడిచి, రోజు గడిచేసరికి బస్తీ లేస్తుంది. దీన్నే మా అవ్వ పాచి అనేది. నీళ్ల గట్టు మీద జారే పచ్చటి పాచీ, పంటి మీది పాచీ రెండింటికీ తెలుగు ఒకటే మాట వాడింది. సూక్ష్మదర్శిని పట్టుకున్నవాళ్లు తరవాత చూస్తే రెండూ నిజంగానే జిగురులో కాపురముండే జీవుల పొరలే. డెల్ఫ్ట్ పట్నంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ 1683లో తన పంటి మీది తెల్లటి పాచి గీకి, తను అరగదీసుకున్న అద్దం కింద పెట్టి, అందులో గంతులేస్తున్న జీవాలను చూసి రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. పాచిని అలాగే వదిలేస్తే ఉమ్మిలోని ఖనిజం దానిలో దిగి గట్టిపడుతుంది. అప్పుడు దాని పేరు గార. గోడకు పూసే సున్నపు గార ఎలా గట్టిపడుతుందో తెలిసినవాళ్లే ఆ పేరు పెట్టి ఉంటారు. అది ఎక్కువగా పట్టేది ఎక్కడ? కింద ముందు పళ్ల వెనకాల, పై దవడ పళ్ల చెంపవైపు. అంటే ఉమ్మి గొట్టాలు తెరుచుకునే రెండు చోట్లే. పాకం ఎక్కడ కారితే అక్కడ పలుకు కడుతోంది.

పాచికి మాటుంది, గారకు మాటుంది. వాటికి అడుగున ఉన్న ఆ మొదటి పూతకు తెలుగులో పేరు లేదు, కనబడదు గదా. అందుకే నేను కళాయి అని పిలుచుకుంటున్నాను. ఎవరికైనా ఇంతకంటే మంచి మాట తడితే నాకేం అభ్యంతరం లేదు.

బస్తీ లేవడం వేరు, బస్తీ అంటుకోవడం వేరు. నిప్పు పెట్టేది తీపి. మనం తిన్న బెల్లం ముక్కను పాచిలోని జీవులు కూడా తింటాయి, తిని ఆమ్లం వదులుతాయి. 1940లలో అమెరికాలో రాబర్ట్ స్టెఫన్ పాచిలో పులుపెంతో కొలిచి గీత గీశాడు. పంచదార నీళ్లు తగిలిన నిమిషాల్లోనే గీత కిందికి జారుతుంది, మళ్లీ పైకి ఎక్కడానికి అరగంట నుంచి గంట పడుతుంది. దాన్ని పైకి ఎక్కించేది ఉమ్మి. గంటకోసారి చాయ్, చాయ్‌కో బిస్కెట్ అన్నప్పుడు ఆ గీతకు ఎక్కే తీరిక దొరకదు. ధర్మాబాద్ కారమేసి జొన్నరొట్టెతో ఒక్క పూట కడుపునిండా తిన్నవాడి పళ్ల కంటే, రోజంతా కొంచెం కొంచెంగా తీపి చప్పరించేవాడి పళ్లే తొందరగా పుచ్చిపోవడానికి కారణం అదే. పైగా కారం నోరూరిస్తుంది. మా పక్కవాళ్ల మిరపకాయ పిచ్చికి ఇంత శాస్త్రీయమైన మద్దతు దొరుకుతుందని నేననుకోలేదు.

రాత్రి నిద్రలో ఉమ్మి దాదాపు ఆగిపోతుంది. కళాయివాడు దుకాణం కట్టేస్తాడు. అందుకే నోట్లో పాలసీసా పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ల ముందు పళ్లు అంత ఘోరంగా పాడవుతాయి. పొద్దున్నే పాచి నోటి వాసనకీ కారణం ఇదే. అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది ఊరికే కాదు.

భయానికి కూడా నోరెండుతుంది. పాత ధర్మశాస్త్రాల్లో తండుల దివ్యమని ఒక పరీక్ష ఉండేది. దొంగతనం అనుమానమున్నవాడికి బియ్యం నమలమని ఇచ్చి ఉమ్మించేవాళ్లు. మంత్రించిన బియ్యం పంచి దొంగను పట్టుకునే పద్ధతి పల్లెల్లో చాలాకాలం బతికింది. తప్పు చేసినవాడికి నోరెండి పిండి ముద్ద కట్టదని నమ్మకం. అమాయకుడికి కూడా పంచాయతీ ముందు నోరెండుతుందన్న సంగతి ఆ తీర్పరులకు తట్టలేదు. ఎంతమంది నిర్దోషుల్ని వాళ్ల ఉమ్మే పట్టించిందో!

ముసలితనంలో అవ్వకు బీపీ మాత్రలు మొదలయ్యాయి. కొన్నాళ్లకు నోరెండిపోతోందని చెప్పడం మొదలుపెట్టింది. బీపీకి, అలర్జీకి, నిద్రకి, దిగులుకి వాడే మందుల్లో చాలావాటికి ఈ గుణముంది. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్నవాళ్ల గ్రంథులైతే కాలిపోయి, అరవై ఏళ్లు చెక్కుచెదరని పళ్లు కూడా నెలల్లో చిగుళ్ల దగ్గర కరిగిపోతాయి. పన్ను ఎంత గట్టిదో ఆ నెలల్లో తెలుస్తుంది, దాని గట్టితనమంతా ఎవరి అండతో నిలబడిందో కూడా. అవ్వ జొన్నరొట్టె ముక్కను నీళ్లలో ముంచుకుని తినేది. "ఎండిన బాయిల బొక్కెన ఏసినట్టున్నది బిడ్డా," అనేది నమలలేక. అప్పుడప్పుడు కొంగు ముడి విప్పి చింతపండు రెబ్బ తీసి నాలుక మీద పెట్టుకునేది, కాస్త ఊటొస్తుందని. ఊట వచ్చేది. ఆ ఊట కొంచెమే గనక పులుపు గెలిచేది. మానెయ్యమని నేను చెప్పాను, నీళ్లు గుక్కగుక్క తాగమని సీసా చేతికిచ్చాను. సీసా పక్కన పెట్టి చింతపండు రెబ్బ నాకూ ఒకటి తుంచి ఇచ్చింది.

ఆమె ఇత్తడి గిన్నె ఇప్పుడు నా దగ్గరుంది. లోపల తగరం అక్కడక్కడా లేచిపోయి పసుపచ్చగా తొంగి చూస్తోంది. కళాయి వేసేవాణ్ణి నాందేడ్‌లోనూ వెతికాను, నిజామాబాద్‌లోనూ వెతికాను. దొరకలేదు.

పోయిన వేసవిలో కర్ఖేలి వెళ్లి తిరిగొస్తూ ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాను. స్టేషన్ వెనక చింతచెట్టు కింద రాలిన కాయలేరుకుని పిల్లలు ఉప్పద్దుకుని తింటున్నారు. నాకూ రెండిచ్చారు. కొరికాను. రెండోది ముగిసేసరికి పళ్లు పులిసిపోయాయి. నాలుక నడిపిస్తే గరగరమంది. పిల్లల్లో ఒకడు నా మొహం చూసి పకపకా నవ్వి, "దాత్ ఆంబలే కా కాకా?" అన్నాడు. అంతలో ప్యాసింజరు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, నోరు మూసుకుని, ఊరుతున్న నీళ్లను ఊరనిచ్చాను. ధర్మాబాద్‌లో మిరప ఘాటు డబ్బాలోకి వచ్చింది, ఇంకాస్త ఊరింది. బండి గోదావరి వంతెన ఎక్కగానే ఎదురు సీటులో పెద్దామె కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని, కిటికీలోంచి నీళ్లలోకి విసిరింది. నేను నాలుకను పళ్ల మీద నడిపించాను. జారింది.